కదలని మోటారు మీద పప్పన్నం

నేపర్‌విల్,
ఫిబ్రవరి 2

తేజ మామయ్యా,

ఆదివారం తెలుగు క్లాసులో ఉమామహేశ్వరి ఆంటీ ఈసారి ఇచ్చిన హోమ్‌వర్క్: సొంత మనిషికి కాగితం మీద ఉత్తరం రాయాలి. నా పక్కన కూర్చునే పాపకి పదకొండేళ్ళు, వాళ్ళ కుక్కకి రాసింది. నాకు ఇరవై ఒకటి కనక నీకు రాస్తున్నాను. అమ్మ సలహా ఇది. "మా తమ్ముడికి ఫోన్ చేస్తే వెంటనే విసుక్కుంటాడు. ఉత్తరం రాస్తే విసుక్కోవడానికి వారం పడుతుంది" అంది.

నువ్వు పదేళ్ళు స్టీరింగ్ మోటార్ల మీద పనిచేశావు కదా, నేనూ ఇప్పుడు మా యూనివర్సిటీ ల్యాబ్‌లో అదే చేస్తున్నాను. నీకు తెలిసిందే అయినా ఆంటీ కూడా చదువుతుంది కనక వివరంగా రాస్తాను. కారు స్టీరింగ్ తిప్పడానికి సాయం చేసే మోటారు ఇది. షాఫ్ట్ ఒకటే. లోపల రాగి తీగ చుట్లు మాత్రం రెండు సెట్లు. ఒక్కో సెట్‌కి ఒక్కో కంట్రోలర్, షాఫ్ట్ ఎంత తిరిగిందో చూసే సెన్సర్ కూడా ఒక్కోటి. హైవే మీద ఒక సెట్ చచ్చిపోయినా రెండోది కారుని రోడ్డు మీద ఉంచుతుంది. కరెంట్ ఎంత పంపితే టార్క్, అంటే తిప్పే బలం, అంత వస్తుంది.

ఆ కరెంట్‌ని అదుపు చేసే ప్రోగ్రామ్ నాది. అంతా నాదే! రెండు కంట్రోలర్లనీ పూర్తిగా స్వతంత్రంగా రాశాను. ఒకదాన్ని ఒకటి ఏదీ అడగదు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని ఉండమంటే షాఫ్ట్ వెంట్రుకవాసి కూడా కదలదు. టార్క్ గ్రాఫ్ సున్నా దగ్గర స్కేలు పెట్టి గీసినట్టుంది. ప్రొఫెసర్ దాన్ని తన తలుపుకి అంటించుకున్నారు. మార్చి 28న కార్ల కంపెనీ వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. ప్రెజెంట్ చేసేది నేనే.

ఇక నా పార్ట్‌నర్ సంగతి. పేరు హర్షవర్ధన్, కరీంనగర్ నుంచి ఎం.ఎస్.కి వచ్చాడు. రెండో సెట్ వైరింగూ కొలతలూ అతనివి. ఒట్టి అప్రయోజకుడు. రోజూ వచ్చి, "మేడం, ఎక్కడో తేడా కొడ్తున్నది" అంటాడు. ఎక్కడ అని అడిగితే "తెల్వది" అంటాడు. తెలియనివాడు మాట్లాడకూడదు కదా? అప్రయోజకుడు చేసే పని ఇంకోటి ఉంది. మైక్రోవేవ్ మూడో అంతస్తులో ఉందని బద్ధకించి, పప్పన్నం ఉన్న స్టీల్ బాక్సు నా మోటారు మీద పెట్టి వేడి చేసుకుంటాడు! నేను ఫోటో తీసి ల్యాబ్ గ్రూప్‌లో పెట్టాను. కింద "మా వంటింటి విభాగం" అని రాశాను. పదకొండు మంది నవ్వారు, ప్రొఫెసర్‌తో సహా. ఇంత అప్రయోజకుడిని ఎవరు చేర్చుకున్నారో!

గ్రాఫ్ జత చేస్తున్నాను. మెచ్చుకో.

నీ మేనకోడలు
అవని


ఆష్‌బర్న్,
ఫిబ్రవరి 11

అవనీ,

ఉత్తరం అందింది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, అక్కడితో మెచ్చుకోలు అయిపోయింది.

"అప్రయోజకుడు" అనే మాట ఈ వారమే నేర్చుకున్నట్టున్నావు, మూడుసార్లు వాడావు. కొత్త చెప్పులు కొనుక్కున్న పిల్ల పక్కలోకి కూడా వాటితోనే వెళ్ళినట్టుంది. మూడు పేజీల్లో విశేషణాలు ఇరవై ఆరు. కొలతలు ఒక్కటీ లేవు.

ఒక్కటీ లేవంటే అబద్ధం. ఒకటుంది. దాన్ని చూసి నువ్వు నవ్వావు.

నీ మోటారు కదలడం లేదు. టార్క్ సున్నా. అంటే పనేమీ చెయ్యడం లేదు. మరి పని చెయ్యని మోటారు మీద ఆ అబ్బాయి పప్పన్నం ఎలా వేడెక్కింది?

ఇంకోటి. నువ్వు పంపిన గ్రాఫ్ షాఫ్ట్ మీద కొలిచిన మొత్తం టార్క్‌ది. రెండు సెట్ల కరెంట్లు విడివిడిగా గీసిన గ్రాఫ్ ఏది? గీశావా, లేక మొత్తం అందంగా వచ్చిందని అక్కడే ఆగిపోయావా? అందమైన గ్రాఫ్‌ని తలుపుకి అంటించుకునే ప్రొఫెసర్ గురించి నాకున్న అభిప్రాయం రాయను. మీ ఆంటీ చదువుతుంది.

ఆ కుర్రాడిని అడుగు. "తెల్వది" అన్నవాడు కనీసం చెయ్యి పెట్టి చూశాడు.

నేను ఆ పని వదిలేసి ఆరేళ్ళయింది. ఇప్పుడు డేటా సెంటర్లో కూలింగ్ ఫ్యాన్లు చూసుకుంటున్నాను. హాల్లోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు కనక నీ ఉత్తరం జేబులో పెట్టుకెళ్ళి అక్కడ చదివాను. ఎందుకు వదిలేశావని మాత్రం అడక్కు.

తేజ మామయ్య


నేపర్‌విల్,
ఫిబ్రవరి 22

మామయ్యా,

ఈ ఉత్తరం హోమ్‌వర్క్ కాదు. ఆంటీ చదవదు. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

నువ్వు ఫ్యాన్లు తిప్పుకుంటున్నావు. నేను రెండు సెట్ల మోటారుకి కంట్రోల్ రాస్తున్నాను. ఆరేళ్ళ క్రితం వదిలేసినవాడు, మోటారుని కంటితో చూడనివాడు, ఉత్తరంలో ఒక వాక్యం పట్టుకుని నాకు పాఠం చెప్తున్నాడు. ఏ మోటారైనా కొంచెం వేడెక్కుతుంది. పప్పన్నం వేడెక్కడానికి నలభై డిగ్రీలు చాలు.

అయినా నీ మాట కొట్టేశానని అమ్మతో చెప్తావని, హర్షని అడిగాను. ఇదీ సంభాషణ.

"మోటారు వేడిగా ఉందా?"

"ఇయ్యాల అడుగుతున్నవా మేడం? మూడు వారాల సంది రాస్తున్న." నోట్‌బుక్ తీశాడు. రోజూ మధ్యాహ్నం థర్మామీటర్ పెట్టి, వంకర అక్షరాలతో అంకెలు రాసుకున్నాడు.

"దీని కారణం ఏమై ఉంటుందని నీ అభిప్రాయం?"

నవ్వాడు. "నువ్వు తెలుగు మాట్లాడితే టీవీల వార్తలు చదివినట్టుంటది. నీ ప్రోగ్రామ్‌ల ఏదో ఉన్నది. చూపియ్యి, చూస్త."

నా ప్రోగ్రామ్ అతనికి చూపించాలట! చూపించలేదు. నా తెలుగుని వెక్కిరించినవాడికి అసలు చూపించను. రిపోర్టు పన్నెండు పేజీలు దాటకూడదన్నారు, నాది పదమూడు వచ్చింది. అందులో హర్ష రాసిచ్చిన ఉష్ణోగ్రతల పేజీ తీసేశాను. ఇప్పుడు సరిగ్గా పన్నెండు, చూడ్డానికి ముచ్చటగా ఉంది.

కొత్త మాట: "పెడసరం". నీ గురించి ఆలోచిస్తుంటే దొరికింది.

అవని


నేపర్‌విల్,
మార్చి 9

మామయ్యా,

నువ్వు జవాబు రాయలేదు. కోపం వచ్చిందేమో. నాకు రాయడానికి వేరే ఎవరూ లేరు.

గురువారం మోటారు కాలిపోయింది.

కంపెనీ వాళ్ళు వచ్చేముందు ఎనిమిది గంటలు ఆపకుండా నడిపి చూడాలన్నారు ప్రొఫెసర్. నేను క్లాసులో ఉన్నాను, హర్ష ఒక్కడే ల్యాబ్‌లో ఉన్నాడు. మధ్యాహ్నం రెండింటికి తీగల మీది వార్నిష్ కాలిన పొగ. అతనే పరిగెత్తి పవర్ తీశాడు. రెండో సెట్ పూర్తిగా పోయింది. మొదటిది నల్లబడింది.

ప్రొఫెసర్‌కి ఆ ఫోటో గుర్తొచ్చింది. మోటారు మీద వేడి పోవడానికి రెక్కల్లాంటివి ఉంటాయి కదా, వాటి మీద రోజూ డబ్బా పెట్టి గాలి ఆడకుండా చేశాడని అన్నారు. హర్ష నోట్‌బుక్ చూపించాడు. "వేడెక్కుతోందని తెలిసి కూడా దాని మీదే అన్నం పెట్టావా?" అని అడిగారు. అతని వేలికి బ్యాండ్‌ఎయిడ్ ఉంది, దాన్నే చూసుకుంటూ నిలబడ్డాడు.

ల్యాబ్ నుంచి తీసేస్తారట. శుక్రవారం, 21న, డిపార్ట్‌మెంట్‌కి రాసి పంపుతారు. ల్యాబ్ పోతే అసిస్టెంట్‌షిప్ పోతుంది. అది పోతే ఫీజు లేదు, ఫీజు లేకపోతే వీసా లేదు. ఈ వరస అతను చెప్పలేదు. అతని రూమ్‌మేట్ చెప్పాడు.

డబ్బా పెట్టడం తప్పే కదా? రూల్స్‌లో ఉంది, పరికరాల మీద తిండి పెట్టకూడదని.

ఉత్తినే ఒకటి అడుగుతున్నాను. ఒక సెట్‌లో ప్లస్ పద్దెనిమిది ఆంపియర్లూ, రెండోదాంట్లో మైనస్ పద్దెనిమిదీ పోతున్నాయనుకో. మొత్తం టార్క్ సున్నానే చూపిస్తుంది కదా? అలా ఎందుకు జరగొచ్చు? చదువు కోసం అడుగుతున్నాను, అంతే.

అవని


ఆష్‌బర్న్,
మార్చి 14

అవనీ,

ఉత్తినే అడిగేవాళ్ళు నాకు బాగా తెలుసు. పద్దెనిమిది అని అంకె పెట్టి మరీ ఉత్తినే అడిగేవాళ్ళు ఇంకా బాగా తెలుసు. కాబట్టి ఇప్పుడు విడివిడిగా గీశావన్నమాట. మోటారు బతికుండగా గీస్తే చదువు అనేవాళ్ళు. కాలాక గీస్తే పోస్ట్‌మార్టం.

ముందు నీ "చదువు". కాస్ట్‌కో సూపర్‌మార్కెట్లో సామాన్ల బండిని ఇద్దరు చెరోవైపు నుంచి తోస్తున్నారనుకో. బండి కదలదు. దూరం నుంచి చూసేవాడు "ఎంత నిశ్చలంగా ఉంది!" అని ఫోటో తీసుకుంటాడు. తోసేవాళ్ళిద్దరికీ చెమటలు. నీ రెండు సెన్సర్లూ ఒకే షాఫ్ట్‌ని చూస్తున్నా కొలతలో చిటికెడు తేడా ఉంటుంది. కొంచెం కుడికి జరిగిందని ఒకటి, ఎడమకి జరిగిందని ఇంకోటి. నీ కంట్రోలర్లు ఒకదాన్ని ఒకటి అడగవు, గొప్పగా రాశావు కదా. ఒక్కోటీ ఆ చిన్న తేడాని మర్చిపోకుండా కూడబెట్టుకుంటూ, గంటగంటకీ ఇంకాస్త గట్టిగా తోస్తుంది. ఇన్నాళ్ళూ లంచ్ తర్వాత ఆపి మళ్ళీ మొదలుపెట్టి ఉంటారు కనక కూడబెట్టింది పోయేది. గురువారం ఎవరూ ఆపలేదు.

కూడబెట్టే పని ఒక్కచోటే ఉండాలి. అది ఇంత టార్క్ కావాలని చెప్తే రెండు సెట్లూ చెరి సగం మొయ్యాలి. రెండు కరెంట్ల మొత్తం ఎంత, తేడా ఎంత అని రెండూ చూడాలి. మొత్తం పని చేస్తుంది. తేడా వేడి చేస్తుంది. మొత్తాన్ని అడిగినంత ఉంచు, తేడాని సున్నాలో ఉంచు. ఇది నేను ఒక్క పేజీలో రాయగలను. ఎందుకు రాయగలనో చెప్తాను.

నా టీమ్‌లో గీతాంజలి అని ఒకమ్మాయి ఉండేది. చేరి ఏడాది. స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు మోటారు వేడెక్కుతోందని మీటింగ్‌లో అంది. ప్రోగ్రామ్ నాది. టార్క్ గ్రాఫ్ సున్నా దగ్గర స్కేలు పెట్టి గీసినట్టుంది. "నీ సెన్సర్ వైరింగ్ చూసుకో అమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించగలను, నీకు తెలుసు. నెల తర్వాత ఒక మోటారు కాలింది. వైరింగ్ ఆమెది కనక తప్పు ఆమెదన్నారు. ఆమెను తీసేసిన శుక్రవారం నేను సెలవులో ఉన్నాను. కావాలనే. తర్వాతి సోమవారం కరెంట్లు విడివిడిగా గీశాను. నీలాగే, కాలాక. చప్పుడు చెయ్యకుండా ప్రోగ్రామ్ సరిచేశాను. వేడి తగ్గించినందుకు నాకు ఒక షీల్డ్ ఇచ్చారు. గాజుది. గరాజ్‌లో ఉంది.

ఆ రోజు నుంచి ఏ మీటింగ్‌లోనూ ఎవరినీ నమ్మలేకపోయాను, ఎందుకంటే ఎవరైనా నాలాంటివాళ్ళేననిపించేది. ఏడాదికి మానేశాను. ఫ్యాన్లకి ఒకటే సెట్. వాటి దగ్గర దాచడానికేమీ ఉండదు.

నిన్ను తిట్టే అర్హత నాకుంది, ఎలా ఉండాలో చెప్పే అర్హత లేదు. శుక్రవారం సెలవు పెట్టుకోవడం చాలా తేలిక. ఆ ఒక్కటి మాత్రం చెప్పగలను.

తేజేశ్వర్


నేపర్‌విల్,
మార్చి 22

మామయ్యా,

గురువారమే వెళ్ళాను. శుక్రవారం దాకా ఆగితే సెలవు పెట్టేదాన్నేమో.

రైలు దిగి ల్యాబ్ దాకా నడుస్తూ చెప్పాల్సిన వాక్యాలన్నీ చక్కగా పేర్చుకున్నాను. ప్రొఫెసర్ గది తలుపు మీద నా గ్రాఫ్ ఇంకా ఉంది. దాని పక్కన కొత్త గ్రాఫ్ పెట్టాను. రెండు గీతలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. కింద తీసేసిన పదమూడో పేజీ.

ఆయన ఆ పేజీలోని అంకెల మీద వేలు పెట్టారు. "హర్షవర్ధన్ ఇది నీకు చెప్పాడా?"

"ఫిబ్రవరి నుంచి చెప్తున్నాడు."

"నువ్వేం చేశావు?"

"పేజీ తీసేశాను. అంతకుముందు ఫోటో పెట్టాను."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. తలుపు మీది గ్రాఫ్ ఆయనే పీకేసి బుట్టలో వేశారు. డెమో ఏప్రిల్‌కి వాయిదా పడింది. ప్రెజెంట్ చేసేది హర్ష. స్లైడ్లు తిప్పేది నేను. బటన్ ఒకటే ఉంటుంది, దాన్ని పాడుచెయ్యలేనని అన్నారు. హర్ష ల్యాబ్‌లోనే ఉంటాడు.

కారిడార్‌లో హర్షకి సారీ చెప్పాను.

"దేనికి? మోటార్‌కా, ఫోటోకా?"

"రెండిటికీ."

"మోటార్‌ది సరే. అసొంటి తప్పు ఎవరైనా చేస్తరు. ఫోటోది నా దగ్గర ఉంచుకుంట." నడుస్తూ అన్నాడు. "పదకొండు మంది నవ్విండ్రు. నేను లెక్కపెట్టిన."

నేనూ లెక్కపెట్టాను కదా మామయ్యా, నీకు గొప్పగా రాశాను కూడా. అదే అంకె. ఇద్దరం ఒకే అంకెని ఇన్నాళ్ళు మోశామని నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నీ సంగతి. నా ఉత్తరంలో కొలతలు లేవని వెక్కిరించావు. నీ ఉత్తరంలో కొలతలున్నాయి, షీల్డ్ దేనితో చేశారో కూడా ఉంది. గీతాంజలి గారు ఇప్పుడు ఎక్కడున్నారో లేదు. ఏడేళ్ళుగా బాధపడుతున్నావు, ఎక్కడున్నారని ఒక్కసారి వెతకలేదు! ఆమె ప్రొఫైల్ దొరకడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. కాలిఫోర్నియాలో ఉంటారు, డబ్లిన్‌లో. ఎందుకో చెప్పకుండా, మీకు ఒక ఉత్తరం రావాల్సి ఉంది, అడ్రస్ ఇస్తారా అని అడిగాను. ఇచ్చారు. ఆ అడ్రస్ రాసి, స్టాంపు అంటించిన కవరు ఇందులో పెడుతున్నాను. పెద్ద స్టాంపే అంటించాను, నీకు విశేషణాలు ఎక్కువైతే బరువు సరిపోవాలని.

షీల్డ్ గరాజ్‌లో పెట్టుకుని పశ్చాత్తాపపడేవాళ్ళ మీద నాకేమీ గౌరవం లేదు.

అవని


ఆష్‌బర్న్,
ఏప్రిల్ 3

అవనీ,

నీ కవరు తొమ్మిది రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. మూలలు నలిగాయి. పదో రోజు పోస్ట్ చేశాను.

ముందు నాలుగు పేజీలు రాశాను. చదువుకుంటే బాగుంది, అప్పుడే అనుమానం వచ్చింది. అన్నీ నా గురించే. నాకు నిద్ర పట్టకపోవడం గురించి, ఫ్యాన్ల గురించి. చింపేశాను. చివరికి లోపల పెట్టింది ఆ సోమవారం గీసిన గ్రాఫ్, తేదీతో సహా. కింద రెండు వాక్యాలు. "గీతాంజలీ, నువ్వు చెప్పింది నిజం. నాకు ఆ సోమవారమే తెలిసింది." ఇంకో కాపీ ఆ పాత కంపెనీకి పంపాను, ఆమె పేరు మీద రాసిన తప్పు నాదని. పక్కన నా పూర్తి పేరూ సంతకమూ ఉన్నాయి.

జవాబు వస్తుందనుకోను. వచ్చినా నీకు చెప్పను. నువ్వు గ్రూప్‌లో పెడతావు.

మీనక్కకి చెప్పు, కూతుర్ని బాగానే పెంచింది, నోరు తప్ప. ఆ నోరు మా వైపు నుంచి వచ్చింది, దాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు.

మోటారు మళ్ళీ చుట్టించారా? తేడా ఎంత వస్తోంది? విశేషణాలు వద్దు.

తేజ మామయ్య


నేపర్‌విల్,
ఏప్రిల్ 26

మామయ్యా,

తేడా: సున్నా పాయింట్ రెండు ఆంపియర్లు. ఎనిమిది గంటలకి కూడా అంతే. ప్రోగ్రామ్ హర్షతో కలిసి రాశాను. రాస్తున్నంతసేపూ నన్ను "మేడం" అంటూనే ఉన్నాడు, ప్రతి లైనుకీ "ఇదెందుకు?" అని అడుగుతూనే ఉన్నాడు. రెండు చోట్ల సమాధానం చెప్పలేకపోయాను. ఆ రెండు చోట్లా తప్పులే ఉన్నాయి.

నిన్న కంపెనీ వాళ్ళు ఆరుగురు వచ్చారు. పొద్దున ఎనిమిది నుంచి మోటారు తిన్నగా పట్టుకుని ఉంది. హర్ష స్లైడ్ల దగ్గరికి వెళ్ళలేదు. నేను బటన్ పట్టుకుని నిలబడ్డాను. అతను బ్యాగులోంచి స్టీల్ డబ్బా తీసి మోటారు మీద పెట్టాడు. ప్రొఫెసర్ మొహం చూడాల్సింది. అరగంట సేపు హర్ష రెండు కరెంట్ల గురించి చెప్పాడు. అతని ఇంగ్లీష్ తడబడింది, అంకెలు తడబడలేదు.

తర్వాత డబ్బా మూత తీసి, ముందు కూర్చున్నావిడ దగ్గరికి తీసుకెళ్ళి ముట్టుకోమన్నాడు. ఆవిడ వేలు పెట్టి చూసింది. చల్లగా ఉంది. పప్పు గడ్డ కట్టి ఉంది. ఆవిడ నవ్వింది, మిగిలినవాళ్ళూ నవ్వారు. ఈసారి ఆ నవ్వు వేరుగా ఉంది.

అందరూ వెళ్ళాక హర్ష అదే మోటారు మీద డబ్బా మళ్ళీ పెట్టి, నా వైపు తిరిగి, "మేడం, ఫోటో తియ్యి" అన్నాడు.

తీశాను. గ్రూప్‌లో పెట్టబోతూ, కింద ఏం రాయమంటావని అడిగాను.

"ఏం రాయకు" అన్నాడు.

అవని